గాలిమరల బోదిల్ కోపం

మా ఊరు నోర్‌హెడెలో కోపాన్ని జబ్బులా చూస్తారు. సముద్రం ఒడ్డు సీమ, మా పడమటి జట్లాండ్‌లో పుట్టినవాడెవడూ గొంతు పెంచడు. ఇల్లు తగలబడుతున్నా "ఇవాళ కాస్త వెచ్చగా ఉంది" అంటాడు. పక్కవాడి ఆవు వచ్చి బార్లీ చేనంతా మేసిపోతే "మీ ఆవు భలే ఆరోగ్యంగా ఉందండీ" అని పలకరిస్తాడు. అలాంటి ఊళ్ళో పుట్టింది బోదిల్. పుట్టగానే ఏడవలేదనీ, అరిచిందనీ వాళ్ళమ్మ మారెన్ చెప్పేది.

నా పేరు డాగ్ని. ఊరి సభాభవనంలో వంటా నాదే, కాఫీ నాదే. పెళ్ళయినా, చావయినా, మీటింగయినా నేను లేకుండా జరగదు. బళ్ళో బోదిల్, నేను ఒకే బల్ల మీద కూచున్నాం. ఆమె కథ రాయమని నన్నెవరూ అడగలేదు. ఒళ్ళు మండి రాస్తున్నాను.

బోదిల్ పాలకేంద్రంలో వెన్న తీసే పనిచేసేది. బారెడు చేతులు, ఎర్రటి మొహం, ఎదుటివాడి మొహంలోకి సూటిగా చూసే చూపు. ఒకసారి కొత్త మేనేజరు పాల ట్యాంకు కడక్కుండానే కడిగామని పై అధికారులకి చెప్పాడు. బోదిల్ ఆ ట్యాంకు అడుగున నిలిచిన నీళ్ళు గ్లాసుడు ముంచి అతని ముందు పెట్టి, "కడిగావుగా, తాగు" అంది. అతను తాగలేదు. ఆ సాయంత్రం కోటు విప్పి ట్యాంకు తనే కడుక్కున్నాడు. ఊళ్ళో వాళ్ళు ఈ సంగతి చెప్పుకుని నవ్వారు గానీ, నవ్వుతూనే తలలు అడ్డంగా ఊపారు. మరీ అంత మొహమ్మీదే అడగాలా అని.

ఆమె తమ్ముడు ఓలుఫ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. నోట్లో నాలుక లేని మనిషి. పందులు పెంచేవాడు, పెళ్ళి చేసుకోలేదు, అక్కతో, అమ్మతో ఒకే ఇంట్లో ఉండేవాడు. బోదిల్ ఊరందరినీ తిట్టి ఇంటికొస్తే, వీధిలో తిట్లు తిన్నవాళ్ళింటికి వెళ్ళి రెండు మంచి మాటలు చెప్పి వచ్చేవాడు. "మా అక్కది నోరే, మనసు కాదు" అనేవాడు. ఆ మాట బోదిల్ చెవిన పడితే వాడికీ తిట్లే.

చమురు ధర ఆకాశాన్ని అంటిన ఏడాది, ఆదివారాలు కార్లు బయటికి తియ్యకూడదని సర్కారు ఆంక్ష పెట్టిన ఏడాది, మా వైపు రైతులకి గాలి గుర్తొచ్చింది. మాకు ఇంకేముంది? ఇసుక, గడ్డి, గాలి. రాజధానిలో పెద్ద చదువుల వాళ్ళు అణు విద్యుత్తు తప్ప గతి లేదన్నారు. గాలిమరలంటే తాతలనాటి బొమ్మలని ఎగతాళి చేశారు. మా వాళ్ళు వాదించలేదు, వాదించడం మాకు చేతకాదు. కమ్మరులు, వడ్రంగులు, పడవలు కట్టేవాళ్ళు అందరూ కలిసి పాత లారీల ఇరుసులతో కట్టడం మొదలెట్టారు. తరువాత వ్యవసాయ పనిముట్లు చేసే ఒక కంపెనీ కూడా ఇందులోకి దిగింది. ఓలుఫ్ కొన్న గాలిమర ఆ కంపెనీదే. పొద్దున్నే పందులకి మేత వేసి, వెళ్ళి దాని స్తంభానికి చెవి ఆనించి వినేవాడు. లోపల ఇరుసు ఎలా తిరుగుతోందో తెలుస్తుందట.

గాలిమరలు కొన్నవాళ్ళందరికీ ఒక సంఘం ఉండేది. జెప్పె దాని పెద్ద. ఓలుఫ్ పక్క పొలం అతనిది. ఆ సంఘానికొక ఆచారం. మీటింగుకి వచ్చినవాడు ముందు లేచి తన గాలిమరకి ఏం విరిగిందో, అందులో తన తప్పేమిటో చెప్పాలి. చెప్పాకే కాఫీ, కేకు. ఎవడూ రెండోవాడి తప్పు ఎత్తకూడదు. తన తప్పు మాత్రమే. విన్నవాళ్ళు నవ్వొచ్చు, కానీ ఆ మాట పట్టుకుని తరువాత ఎత్తిపొడవకూడదు. ఒకడికి విరిగింది పదిమందికి విరగకుండా ఉండాలని పెట్టుకున్న పద్ధతి. ఇరుసుకి నూనె తక్కువ పోశానని ఒకడు, మంచు పేరుకున్న రెక్కని సుత్తితో కొట్టానని ఒకడు. కంపెనీవాళ్ళు కూడా వెనక బెంచీలో కూచుని వినేవారు. మాకది గర్వంగా ఉండేది. దేశదేశాల గాలిమరలు గాలికి ఎగిరిపోతుంటే మావి నిలబడ్డాయంటే ఆ ఒప్పుకోళ్ళ వల్లే. ఏ ప్రొఫెసరు వల్లా కాదు.

ఒక వసంతంలో ఓలుఫ్ లేచాడు. చెవులు ఎర్రగా అయిపోయాయి. "నేను మొన్న సంతకెళ్తూ గాలిమరకి బ్రేకు వెయ్యడం మరిచిపోయా. దార్లో గుర్తొచ్చి సైకిలు వెనక్కి తిప్పుకుని వచ్చేశా. ఏమీ కాలేదు లెండి. మీరు మరిచిపోకండి" అన్నాడు. హాలంతా గొల్లుమంది. జెప్పె వీపు మీద తట్టి, "సంతలో పిల్లెవరో కనబడుంటుంది" అన్నాడు. నేను ఓలుఫ్‌కి పెద్ద ముక్క కేకు పెట్టాను. అంతే జరిగింది.

ఆ నవంబరులో ఓలుఫ్ పోయాడు.

గాలి పొద్దుటినుంచే సముద్రం వైపునుంచి కొడుతోంది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఎక్కడో కరెంటు తీగలు తెగాయి. కరెంటు లైనుకి కట్టేసి ఉన్నంతసేపే గాలిమర అదుపులో తిరుగుతుంది. లైను పోతే పగ్గం తెంచుకున్న గుర్రమే. ఇక మిగిలేది బ్రేకు ఒక్కటే. ఆ రోజుల్లో కంపెనీ గాలిమరలకి బ్రేకు ఒక్కటే ఉండేది. అది పైన ఇరుసు మీద ఉంటే, దాని లివరు కింద స్తంభం మొదట్లో ఉండేది. మనిషి వెళ్ళి ఆ లివరు కిందికి లాగి పిన్ను పెట్టాలి. మా వంటింటి కిటికీలోంచి నేను ఓలుఫ్‌ని చూశాను. టోపీ కూడా లేకుండా, గాలికి ఎదురు వంగి పరిగెడుతున్నాడు. రెక్కల చప్పుడు మారిపోయింది. అలాంటి చప్పుడు నేనెప్పుడూ వినలేదు, మళ్ళీ వినను కూడా. తరువాత ఒక్కసారి పెద్ద శబ్దం, ఆపైన గాలి హోరు తప్ప ఇంకేమీ లేదు.

ఒక రెక్క ఊడి వచ్చి అతన్ని కొట్టింది. అంతకంటే చెప్పను.

పాలకేంద్రం నుంచి బోదిల్, పొలంలోంచి జెప్పె, ఇంట్లోంచి నేను ఒకేసారి చేరాం. జెప్పె తన కోటు తీసి ఓలుఫ్ మీద కప్పాడు. బోదిల్ ఏడవలేదు. స్తంభం దగ్గరికి నడిచి లివరు చూసింది. అది అడుగుదాకా లాగి ఉంది. పిన్ను పెట్టి ఉంది. పైనుంచి కాలిన బ్రేకు కంపు. అతను లాగాల్సినంతా లాగాడు. బ్రేకు పట్టుకుంది, ఎర్రగా కాలింది, అరిగి బూడిదై వదిలేసింది. బ్రేకు పట్టు తప్పుతోందని తెలిసి కూడా అతను స్తంభం వదిలి పారిపోలేదు.

"జెప్పె, చూశావా?" అంది బోదిల్.

"చూశా."

"ఏం చూశావో నోటితో చెప్పు."

"లివరు దింపేశాడు బోదిల్. పిన్ను కూడా పెట్టాడు. వాడు చెయ్యాల్సిందంతా చేశాడు."

ఆమె నావైపు తిరిగింది. నేను తలూపాను. "తల ఊపడం కాదే, చూశావా లేదా?" అని నామీద అరిచింది. చూశానన్నాను.

వారం తిరక్కుండా కంపెనీ ఇంజనీరు ఫ్రోడె వచ్చాడు. కుర్రవాడు, సన్నటి కళ్ళద్దాలు, మర్యాద తెలిసిన మనిషి. అతను దుర్మార్గుడైతే నాకీ కథ చెప్పడం సులువయ్యేది. విరిగి పడ్డ బ్రేకు ముక్క చేతిలోకి తీసుకుని చూశాడు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. అతనికి ఆ క్షణానే అర్థమైంది, నేను పక్కనే ఉన్నాను. బోదిల్‌కి, మారెన్‌కి చేయి కలిపి, బూట్ల బురద గుమ్మం బయటే తుడుచుకుని వెళ్ళిపోయాడు.

తరువాత కంపెనీవాళ్ళు పత్రికలకి చెప్పిన మాట ఇది: యజమాని బ్రేకు వెయ్యడం మరిచిపోయాడు. దానికి రుజువు, అతనే వసంతంలో సంఘం మీటింగులో తన మరుపు సంగతి ఒప్పుకోవడం.

అది చదివినప్పుడు నా చేతిలో పిండి ఉంది. ఆ పిండి గోడకేసి కొట్టాను. మా ఆచారాన్ని, మేము నమ్మి విప్పిన నోటిని, చచ్చినవాడి మెడకే చుట్టారు. వెనక బెంచీలో కూచుని నా కేకు తిని, నా కాఫీ తాగి విన్న మాటని!

సంఘం మీటింగు పెట్టారు. హాలు కిటకిటలాడింది. ఫ్రోడె ముందు నిలబడి ఎంతో నెమ్మదిగా మాట్లాడాడు. ఇది చాలా విచారకరమనీ, ఓలుఫ్‌గారే స్వయంగా ఇదే హాల్లో చెప్పిన మాట కంపెనీ పరిగణించక తప్పలేదనీ అన్నాడు. మావాళ్ళు తలలు వంచుకుని కప్పుల్లోకి చూస్తున్నారు. రెండోవాడి తప్పు ఎత్తకూడదన్న ఆచారం ఎముకల్లో జీర్ణించుకుపోయింది మరి. కంపెనీ తప్పని చెప్పడానికి ఒక్కడికీ నోరు పెగల్లేదు. మంచితనమో పిరికితనమో ఏదో ఒకటి, నాకిప్పటికీ తేడా తెలియదు.

బోదిల్ లేచింది.

"ఒకసారి మరిచిపోయాడు. ఔను, మరిచిపోయాడు. ఐతే ఏంటి? జెప్పె, నువ్వు మొన్న ట్రాక్టరు తాళం దానికే వదిలేసి ఊరంతా వెతుక్కోలా? పాస్టరుగారు ప్రార్థన మధ్యలో మరిచిపోలా? ఏమండీ ఇంజనీరుగారూ, మీరు పుట్టి బుద్ధెరిగాక ఏదీ మరిచిపోలేదా? మనిషన్నాక మరిచిపోతాడు! మరిచిపోయే మనిషి కోసం కట్టాలి యంత్రాన్ని. నిద్రపోయే మనిషి కోసం, తాగి పడున్న మనిషి కోసం, చచ్చిన మనిషి కోసం కట్టాలి. ఎవడూ ముట్టుకోకుండా దానంతటది ఆగాలి. ఆగకపోతే అది గాలిమర కాదు, గిలకకి వేలాడదీసిన గొడ్డలి. మా తమ్ముడు ఆ రోజు మరిచిపోలేదు. ఆ సంగతి మీకూ తెలుసు, మీ కళ్ళల్లో చూశాను. మరిచిపోని మనిషి చేతిలోనే ఆగలేదంటే, మీరు కట్టింది ఎవరికోసం కట్టినట్టు?"

ఇంతవరకూ ఏ ఇంజనీరూ, ఏ కమ్మరీ ఆ మాట అంత సూటిగా అనలేదు. యజమాని జాగ్రత్తగా ఉండాలి, యజమానికి నేర్పాలి, యజమాని గుర్తుపెట్టుకోవాలి అనేవారు అంతా. యజమాని మరిచిపోతాడు, అక్కణ్ణుంచి మొదలెట్టండి అన్న మొదటి మనిషి బోదిల్. పుస్తకం చదివి చెప్పలేదు, కోపంతో చెప్పింది.

ఫ్రోడె కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది చెయ్యొచ్చండీ" అన్నాడు. "వేగం హద్దు దాటితే రెక్కల కొసలు వాటంతటవే అడ్డం తిరిగి గాలిని ఆపేలా అమర్చొచ్చు. ఉపాయం పాతదే. మన దేశంలోనే ఒక పెద్దాయన ఎప్పుడో చేసి చూపించాడు." 

"మరి ఎందుకు పెట్టలేదు?"

"ఖర్చు." అతను ఆ మాట దాచలేదు. ఆ ఒక్కదానికీ అతన్ని మెచ్చుకుంటాను. "నిలబడి ఉన్న ప్రతి గాలిమరకీ రెండో బ్రేకు పెట్టిస్తాను. డైరెక్టర్లని ముందే ఒప్పించి వచ్చాను. కానీ... ఒక షరతు. ఈ చావు యజమాని మరుపు వల్ల జరిగిందని సంఘం ఒప్పుకోవాలి. కుటుంబం కూడా. తప్పు కంపెనీదని బయటికొస్తే కంపెనీ మూతబడుతుంది. మూతబడితే ఏ గాలిమరకీ ఎవరూ ఏమీ పెట్టరు. చలికాలం ముందుంది."

అప్పుడు హాల్లో తలలన్నీ పైకి లేచాయి. అన్నీ బోదిల్ వైపే తిరిగాయి. ఆ తలల్ని నేను ఈనాటికీ క్షమించలేదు.

జెప్పె గొంతు సవరించుకున్నాడు. "బోదిల్... మా ఆనె గాలిమర కిందే ఆడుకుంటది. ఎంత చెప్పినా వినదు."

"నన్నెందుకు చూస్తావురా జెప్పె?" బోదిల్ గొంతు చీరుకుపోయింది. "వాడు మీకేమీ కాడా? మీ అందరి పొలాల్లో మట్టి మొయ్యలేదా వాడు? ఇంతమంది ఉన్నారు, ఒక్కడు లేచి ఇది అబద్ధం, మేం ఒప్పుకోం అనొచ్చుగా! నోళ్ళు పడిపోయాయా? అంతా నా నెత్తిన పెట్టి కేకు తింటారా?"

ఎవరూ లేవలేదు. బోదిల్‌కి ఇటు తమ్ముడి పేరు, అటు పిల్లల ప్రాణాలు. ఏది ఎంచుకున్నా రెండోది ఆమెనే కొరుకుతుంది. తూకం వెయ్యమని ఆమె చేతికే ఇచ్చి మిగతా అందరూ చేతులు దులుపుకున్నారు.

"మొదటిది జెప్పె గాలిమరకి పెట్టాలి" అంది చివరికి. "పెద్ద గాలులు మొదలయ్యేలోగా అన్నిటికీ పెట్టాలి. ఒక్కదానికి ఎగ్గొట్టినా నేను నోరు విప్పుతా. విప్పితే ఎలా ఉంటుందో మీకు తెలుసు."

ఆమె వెళ్ళి ఫ్రోడెతో చేయి కలిపింది. మా వైపు సంతకం కంటే చేయి కలపడమే పెద్ద మాట. చేయి కలిపి వెనక్కి తగ్గినవాడి దగ్గర ఊళ్ళో ఎవరూ పందిపిల్లని కూడా కొనరు. ఆమె వెనకాల సంఘం సభ్యులందరూ ఒక్కొక్కరే వెళ్ళి చేయి కలిపారు. అందరి మొహాల్లోనూ గండం గడిచిందన్న హాయి. బోదిల్ కోటు కూడా వేసుకోకుండా చలిలోకి వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి మారెన్‌కి సంగతి తెలిసిపోయింది. నేను బోదిల్ కోటు ఇవ్వడానికి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను.

"వాడు మరిచిపోయాడని ఒప్పుకున్నావా?" అంది మారెన్.

"ఒప్పుకున్నానమ్మా."

"ఆ రోజు వచ్చి నాతో ఏం చెప్పావు?"

"బ్రేకు వేశాడని చెప్పా."

"ఏది నిజం?"

"వేశాడు. వేశాడమ్మా."

ఊరి పిల్లల్ని కాపాడాలని కూతురు చేసిన పని మారెన్‌కి తెలియక కాదు. తెలిసినా తల్లి కదా. ఆ రోజు నుంచి బోదిల్ వండింది ముట్టుకోలేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద, తన రొట్టె, తన బంగాళాదుంపలు విడిగా చేసుకునేది. మంచం పట్టాక నేను వెళ్ళి తినిపించేదాన్ని. నేను తినిపించే పులుసు బోదిల్ చేసిందే. చేసి, నా చేతికిచ్చి, తలుపు బయట నిలబడేది. మారెన్‌కి అది తెలుసో లేదో నాకు తెలియదు. కూతురి పేరు ఎత్తకుండానే పోయింది.

రెండో బ్రేకులు వచ్చాయి. మాట ప్రకారం జెప్పె గాలిమరకే మొదట. ఆ చలికాలంలోనే ఒక పెనుగాలికి కరెంటు పోయింది. జెప్పె ఇంట్లో జ్వరంతో పడుకుని ఉన్నాడు. రెక్కల కొసలు వాటంతటవే అడ్డం తిరిగాయి, గాలిమర నెమ్మదించి ఆగింది. మర్నాడు అతను బుట్టెడు గుడ్లు పట్టుకుని బోదిల్ ఇంటికెళ్ళాడు. ఆమె గుడ్లు తీసుకుంది, తలుపు వేసేసింది.

పాలకేంద్రం మూతబడ్డాక ఆమె బడి బస్సు తోలింది. పిల్లలు ఆమెని చూస్తే హడలిపోయేవారు, కానీ మంచు పడే రోజుల్లో తల్లులు ఆ బస్సే నిశ్చింతగా ఎక్కించేవారు. శరత్కాలం వస్తే సెలవు రోజుల్లో ఆమె గాలిమరల వెంట తిరిగేది. ఎవరి పొలమైనా సరే, నేరుగా వెళ్ళి "ఆపి చూపించు" అనేది. "పోయినేడు చూశావుగా" అని సణిగితే, "పోయినేడు గాలి వేరు, ఈ ఏడు తుప్పు వేరు" అని కస్సుమనేది. ఆమె వస్తోందంటే చాలు, రైతులు ముందే నిచ్చెనలు తీసి కొసలకి నూనె పెట్టుకునేవారు. ఇప్పుడు మా దేశంలో ప్రతి గాలిమరనీ అలా ఆపి చూడాలని నియమం. పరీక్ష చెయ్యడానికి వచ్చే కుర్రాళ్ళకి ఆ నియమం వెనక ఎర్రమొహం బస్సు డ్రైవరు ఉందని ఎవరు చెబుతారు?

నేను అసలు చెప్పదల్చుకున్నది ఇది. మా ఊరి పిల్లల నోట్లో ఓలుఫ్ పేరు మరుపుకి మారుపేరైపోయింది. లెక్కల పుస్తకం ఇంట్లో వదిలేసి వచ్చినవాణ్ణి "నువ్వొట్టి ఓలుఫ్‌వి రా" అని ఆటపట్టించేవారు. ఆ మాట మొదటిసారి బోదిల్ బస్సులోనే విన్నాను. నేను ముందు సీట్లో ఉన్నాను. ఆమె చేతులు స్టీరింగు మీద బిగుసుకుని వేళ్ళు తెల్లబడ్డాయి. బస్సు ఆపలేదు, అరవలేదు. ఎవడు గోళ్ళు కొరికినా అరిచే మనిషి ఆ ఒక్కదానికీ అరవలేదు. దిగాక నా చెయ్యి పట్టుకుని, "నేను బతికున్నంతకాలం నువ్వు నోరెత్తావో, చంపేస్తా. మాటిచ్చాను" అంది. మాట తప్పితే ఆ బ్రేకుల మీద కట్టుకున్న నమ్మకమంతా కూలుతుందని ఆమె భయం. కంపెనీ చేతులు మారి, పాత డైరెక్టర్లు పోయినా, ఆమె మాత్రం తన మాటకి కట్టుబడే ఉంది.

ఫ్రోడె పెద్దవాడయ్యాడు. పతకాలొచ్చాయి. రెండో బ్రేకు అతని పేరుతోనే చలామణి అయింది. బ్రేకు మంచిదే, నేను కాదనను, రాత్రీ పగలూ కష్టపడి దాన్ని నమ్మకంగా పనిచేసేలా చేసినవాడు అతనే. కానీ ఉపాయం ఎవరో పెద్దాయనది, పట్టు బోదిల్‌ది, మధ్యలో ఒక ప్రాణం ఓలుఫ్‌ది. పుస్తకాల్లో మాత్రం ఒక రైతు మరుపు చూసి ఫ్రోడెకి ఆలోచన తట్టిందని ఉంటుంది. ఆపైన మునిసిపాలిటీవాళ్ళు మా ఊరి వీధికి అతని పేరు పెట్టారు. ఏ వీధికి? బోదిల్ ఇల్లున్న వీధికే. ఆమె ఆఫీసుకెళ్ళి బల్ల గుద్దింది. అక్కడి అమ్మాయి నవ్వుతూ, "గొప్పవాళ్ళ పేరమ్మా, సంతోషించాలి గానీ" అంది. బోదిల్ ఆ అమ్మాయిని ఎగాదిగా చూసి తిరిగొచ్చేసింది. ఆ వీధి పేరు ఆమె నోటితో ఒక్కసారి కూడా పలకలేదు.

ఈ వసంతంలో బోదిల్ పోయింది. చర్చిలో కొత్త పాస్టరు ఆమె నెమ్మదస్తురాలనీ, ఎవరినీ నొప్పించని మనిషనీ చెప్పాడు. ముందు వరసలో ఎవరో దగ్గు వచ్చినట్టు నవ్వు ఆపుకున్నారు. తరువాత అందరూ హాలుకి వచ్చారు. ఫ్రోడె కూడా వచ్చాడు, చేతికర్ర ఊతంగా, తెల్లపూలు పట్టుకుని. కాఫీ అయ్యాక లేచి, అందర్నీ వినమన్నట్టు గ్లాసు మీద చెంచాతో తట్టాడు.

"బోదిల్‌గారిది పెద్ద మనసు" అన్నాడు. "సొంత తమ్ముడి పొరపాటుని అంత నిజాయితీగా ఒప్పుకోవడం అందరివల్లా కాదు. ఆ ఒప్పుకోలు లేకపోతే ఇవాళ..."

ఇంతకాలం అబద్ధం చెప్పి చెప్పి అతనే దాన్ని నమ్మేశాడు. గొంతులో నటన లేదు. అందుకే నాకు ఇంకా మండింది.

"పొరపాటెవరిది ఇంజనీరుగారూ?" అన్నాను.

అతను నావైపు తిరిగి, గుర్తుపట్టి, "డాగ్నిగారూ, ఇవాళ వద్దు. మనమంతా ఆనాడు చేయి కలిపాం" అన్నాడు.

"మీరు కలిపారు. నేనప్పుడు కాఫీ పోస్తున్నాను. నన్నెవరడిగారు?"

ఎవరో "ష్ష్" అన్నారు. జెప్పె కూతురు ఆనె గాలిమరలెక్కి బాగుచేసే పని చేస్తుంది, ఇద్దరు పిల్లల తల్లి. తండ్రి పక్కన కూచుని ఉంది. ఆమె కుర్చీ వెనక్కి జరిపింది.

"నాన్నా, డాగ్ని అత్త ఏమంటోంది?"

జెప్పె ముసలివాడైపోయాడు. ఫ్రోడె వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు.

"మరిచిపోలేదమ్మా" అన్నాడు. "బ్రేకు వేసే ఉంది. నేను నా కళ్ళతో చూశా. నీకోసమే... నువ్వు గాలిమర కింద ఆడుకుంటున్నావని ఒప్పుకుంది ఆవిడ. మేమంతా నోరు మూసుక్కూచున్నాం."

ఆనె మొహంలో రక్తం లేదు. "నా పిల్లల్ని నేనెన్నిసార్లు 'ఓలుఫ్‌లా ఉండకండిరా' అని తిట్టానో తెలుసా నాన్నా నీకు? నీ ముందే తిట్టాను! నువ్వు నవ్వేవాడివి!"

ఫ్రోడె నెమ్మదిగా కూచున్నాడు. పూలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

ఆనె లేచి కోటు వేసుకుని నా దగ్గరికొచ్చింది. ఓలుఫ్ సమాధి ఏ వరసలో ఉందని అడిగింది. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగింది, అతని వల్ల బతికింది, అతని సమాధి ఎక్కడుందో తెలియదు. నేను ఏప్రన్ విప్పి గోడకి తగిలించి ఆమెతో పాటు బయల్దేరాను.